నౌపడ ఉప్పుమడుల దగ్గర నేను పట్టనన్న గంప

మీకు అక్షరాలు దిద్దించిన ఆడమనిషిని మీరు గురువు అని ఎన్నడూ పిలవలేదు. దబాయించకండి. ఆమెను అమ్మా అన్నారు, అక్కను పిలిచినట్టు అప్పా అన్నారు, ఆరాధనలో కింద చాప మీద కూర్చోబెట్టారు. నాలుగు సభల్లో మాట్లాడినందుకు నావంటి వాణ్ణి మాత్రం కుర్చీ వేసి 'గురువుగారూ' అంటారు. మొన్న జనవరి నెలాఖరున నౌపడ దగ్గర ఒక ఉప్పుపల్లెకు వెళ్లి ఈ దగా ఎలా నడుస్తుందో దగ్గరగా చూసి వచ్చాను. చర్చిల్లో జరిగే కోత పండుగలకు అతిథులుగా వెళ్లే అలవాటున్నవాళ్లు ఇది చదివి మరీ బయలుదేరండి.

నేను యౌవనంలో సెమినరీలో హీబ్రూ, గ్రీకు చదివాను. ఆ తరవాత పాస్టరు పని ఒప్పుకోక బయటికొచ్చి, విజయనగరంలో ప్రూఫులు దిద్దుకుంటూ, పత్రికల్లో తగాదాలు పెట్టుకుంటూ బతుకుతున్నాను. ఆ పల్లె బాప్టిస్టు సంఘం వాళ్లు మనిషిని పంపి, కోత పండుగనాడు 'బైబిలులో గురువు' అన్న విషయం మీద మూలభాషల మాటలు చెప్పమన్నారు. దేవుడి పేరు మీద జరిగే ఏ సభలోనైనా నాలుగు నిజాలు చెప్పే అవకాశమొస్తే నేను వదులుకోను. ఒప్పుకున్నాను.

విజయనగరంలో తెల్లవారకముందే ప్యాసింజరు ఎక్కాలి. మూడో తరగతి టిక్కెట్టు మూడు రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. కుడివైపు కూర్చోండి, ఎడమవైపు కిటికీకి బొగ్గు నలుసులు ఎక్కువ కొడతాయి. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఇడ్లీ దొరుకుతుంది, అది దాటితే టీ తప్ప ఏమీ నమ్మకండి. తొమ్మిది కావస్తుండగా నౌపడలో దిగాను. పర్లాకిమిడి వెళ్లే చిన్నబండి ఒకపక్క పొగ వదులుతోంది. మనకు దానితో పని లేదు. స్టేషను బయట ఎడ్లబండి మాట్లాడుకుని ఉప్పుమడుల గట్టు మీదుగా పోవాలి. రూపాయిన్నర అడిగితే రూపాయికి వస్తారు.

బండి తోలేవాడి పేరు అప్పన్న. గట్టు ఎక్కగానే వెనక్కి తిరిగాడు.

"ఏటి బాబూ, పండక్కా? అయితే ఈయేడు గంప పట్టీది తవరేనన్నమాట."

"గంపేమిటి?"

"అదేటి, తవరికి సెప్పనేదా? పండగనాడు కొత్తవడ్ల గంప ముందల ఎవల సేతిలో ఎడితే, ఏడాదంతా ఆలే పంతులు. గుడెనకాల గది ఆలదే."

"ఇప్పుడా గదిలో ఎవరున్నారు?"

"రాహేలప్ప. పాస్టరుగోరు బదిలీ అయి పోనాక పిల్లలకీ, ఉప్పుపని నుంచొచ్చిన పెద్దోలకీ ఆయమ్మే సదువు సెప్తన్నాది. ఆడది గంప పట్టకూడదంట. మరందుకే తవర్ని ఒట్టుకొచ్చినారు." కాసేపు ఎడ్లను అదిలించి మళ్లీ అన్నాడు. "తవరు సాయంత్రం బండెక్కి పోతారు. గది కాళీ. పెద్దలు వడ్లు దాసుకుంటారు."

నా ప్రసంగం దేనికో అప్పుడు తెలిసింది. ఒక బడిని ఖాళీ చేయించడానికి నా గ్రీకు కావలసి వచ్చింది.

గుడి చిన్నది, పెంకుటిల్లు. దాని వెనక గదిలో గోడకు పలకలు, మూల నీళ్లకుండ. రాహేలప్ప యాభై దాటిన మనిషి. భర్త ఉప్పుపనిలోనే పోయాడట. టీ ఇస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"మీరే పట్టుకోండి బాబూ గంప. నాకేటీ రోసం నేదు. తాళం మట్టుకు నాకిచ్చి పోండి. రాత్రి సదువు ఆగిపోతే మళ్లీ ఈలని కూసోబెట్టడం నా వల్ల కాదు."

"తాళం నా చేతికి రాదమ్మా. పెద్దలే ఉంచుకుంటారు" అన్నాను.

"అదీ తెలుసు" అంది, గ్లాసు తీసుకుంటూ.

ఆరాధన పదకొండింటికి. మగవాళ్లు బల్లల మీద, ఆడవాళ్లు చాపల మీద. ముందర వడ్లు, గుమ్మడికాయలు, ఎండునెత్తళ్లు, మంచి ఉప్పు, కోళ్లు. ఆరాధన అయ్యాక వీటిని వేలం వేస్తారు. ముందు గంప ఇవ్వనిదే వేలం మొదలవదు.

లేచి చెప్పవలసింది చెప్పాను. హీబ్రూలో గురువును 'మోరె' అంటారు, దారి చూపడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట. 'రబ్బీ' అన్నది గౌరవానికి పిలిచే పిలుపు, అలా పిలిపించుకోవద్దని యేసు శిష్యులతో అన్నాడు. గ్రీకులో 'పైదగోగోస్' అంటే పిల్లవాణ్ణి బడికి తీసుకుపోయే దాసుడు, చదువు చెప్పేవాడు వేరు. చదువు చెప్పే మనిషి 'దిదాస్కలోస్'. యేసునూ ఆ మాటతోనే పిలిచారు. తీతుకు రాసిన పత్రికలో, అంటే బైబిలులోని ఉత్తరంలో, పెద్దవయసు స్త్రీలు ఎలా ఉండాలో చెబుతూ వాడిన మాట 'కలొదిదాస్కలోస్', మంచిని బోధించేవాళ్లు. "మీరు నాకు రబ్బీ పదవి ఇస్తున్నారు. చదువు చెప్పే మనిషిని పైదగోగోస్ లెక్కన వాడుకుంటున్నారు. గంప నేను పట్టను" అని కూర్చున్నాను.

సంఘపెద్ద సామ్యేలు తెలివైనవాడు, తడబడలేదు. "బాగా సెప్పినారు బాబూ. మరి తిమోతికి రాసిన దాంట్లో ఆడది బోధించకూడదని ఉన్నాది కదా? అదేటి?"

జవాబు చెప్పబోయాను. ఈలోగా చాప మీంచి ఒకావిడ అందుకుంది. "మావా, ఆ వచనం సదవడం నీకెవులు నేర్పినారు?"

గుడంతా నవ్వింది. సామ్యేలుకు అక్షరాలు వచ్చింది రాహేలప్ప రాత్రిబడిలోనట. అతనికి ఒళ్లు మండింది. గంప తెచ్చి ప్రసంగ వేదిక కింద పెట్టి, "ఎవులూ పట్టకపోతే ఇక్కడే ఉంటాది. గది మాత్రం రేపు కాళీ సెయ్యాల" అన్నాడు.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ చాపలు తామే చుట్టుకుని వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నారు. రాహేలప్ప చివర లేచింది. బల్లల మీద మగవాళ్లు మిగిలారు. సామ్యేలు ఆనవాయితీని కాదని గంప పక్కకి జరిపి గుమ్మడికాయ ఎత్తి వేలం మొదలుపెట్టాడు. కూర కొనేదీ వండేదీ ఆడవాళ్లే, పాట పాడేవాడు లేడు. నెత్తళ్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. ఒక ముసలాయన లేచి, "ఒరే సామీ, తాళం ఇచ్చీరా. సేపలు కంపు కొడతన్నాయి" అన్నాడు. సామ్యేలు మొలలోంచి తాళం తీసి వెనక్కి వెళ్లాడు. "ఈస్టరు దాకా" అని ఆమె చేతిలో పెట్టడం గుమ్మంలోంచి చూశాను. గంపను ఎవరూ ముట్టుకోలేదు.

తిరుగు ప్యాసింజరులో నన్ను నేను మెచ్చుకోలేకపోయాను. నా ధాతువులు విని ఒక్క పెద్దా కదలలేదు. చాపలు చుట్టినప్పుడే గది మిగిలింది. నా చదువు వృథా అనను, ఆడవాళ్లకు కావలసిన మాట దానిలో ఉంది. ఆ మాటను ఇన్నాళ్లూ పండితులు తమ జేబులో ఉంచుకున్నారు, అదీ నా కోపం. వెళ్లేవాళ్లకు ఒక సలహా: ఆ పల్లె బావినీళ్లు ఉప్పన, నౌపడ స్టేషనులోనే మంచినీళ్లు నింపుకోండి.

ఇక ఆ సంఘపెద్దలకు నా డిమాండ్లు:

ఈస్టరు గడువు ఎత్తెయ్యండి. గది రాహేలప్పది.

వడ్లు మీ ఇళ్లలో దాచుకోండి.

చదువు చెప్పే మనిషికే గంప ఇవ్వండి, అది ఎవరైనా సరే.

స్త్రీలను బల్లల మీద కూర్చోనివ్వండి.

అతిథులారా, పిలుపు రాగానే అడగండి: నేను ఎవరి చోటులో నిలబడాలి? జవాబు చెప్పకపోతే వెళ్లకండి.