విమానం దిగాక బడాబజారు దాకా

మొన్న శ్రీకాకుళంలో మా ఆడపడుచు ఇంట రెండు రోజులుండి విశాఖపట్నం వెళ్ళే బస్సెక్కాను. భోగాపురం దగ్గరికి వచ్చేసరికి కొత్త విమానాశ్రయానికి దారి చూపించే బోర్డు కనబడింది. ఖాళీ చేపల గంపలు కాళ్ళ దగ్గర పెట్టుకుని నా ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని చూసి మాటల్లో పడ్డారు.

“ఇక్కడ ఇమానం దిగినోడు ఇజీనారం పోవాలంటే ఆటోవోడు ఎంతడుగుతాడేటే?”

“ఆడడిగినంతా ఇచ్చెత్తావేటి? సంచీ సంకనెట్టుకుని రోడ్డు మీదకొచ్చెయ్యడమే. ఆ పైన బేరం!”

విమానం గుమ్మమైనా తొక్కని ఆ తల్లులు ఆటో బేరం ముందుగానే తేల్చేసుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి కళ్ళు మూతలు పడుతుండగా, పదేళ్ళకు పైబడిన ఒక ఉదయం, మా మావతో, అంటే మా ఆయన తండ్రితో, కలకత్తాలో విమానం దిగిన ఉదయం, మెల్లగా కదిలి పైకి తేలింది.

నేను కొట్ల మధ్య పుట్టి పెరిగినదాన్ని. నెల్లిమర్లలో మా నాన్నది కిరాణా కొట్టు, పక్కన మేనమామది బట్టల కొట్టు, ఎదురుగా పెదనాన్నది ఇనప సామాన్ల కొట్టు. అక్షరాలకంటే ముందు నాకు బేరం వంటబట్టింది. నా పెళ్ళిలో పురోహితుడి దక్షిణ దగ్గర కూడా నోరు తెరవబోతే మా అమ్మ తొడపాశం పెట్టింది. శ్రీకూర్మం వెళ్ళినప్పుడు కొబ్బరికాయల దగ్గర బేరంలో మునిగిపోయి, ఈలోగా గుడి తలుపులు వేయించుకున్న ఘనత కూడా నాదే. దేవుడి దయవల్ల విజయనగరంలో నేను కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు కూడా కొట్టున్న ఇల్లే అయింది. గాజులు, రిబ్బన్లు, క్లిప్పులు, తిలకం సీసాలు అమ్మే ఫ్యాన్సీ కొట్టు. మా ఆయనది బడి ఉద్యోగం, ఆయనకు గల్లాపెట్టె చప్పుడే గిట్టదు. అందుకని మావ పక్కన ఆ పెట్టె దగ్గర కూర్చునే భాగ్యం నాకు దక్కింది.

అమ్మకం నేను చూసుకున్నా సరుకు మాత్రం మావే తెచ్చేవారు. ఏటా భాద్రపదంలో, దసరా వెళ్ళాక మా ఊళ్ళో జరిగే సిరిమాను సంబరానికి ముందు, హౌరా వెళ్ళే రైలెక్కి కలకత్తా బడాబజారులో సరుకు కొనడం ఆయనకు మీసాలు వచ్చిన నాటినుంచీ అలవాటు. రైలుకున్న సుగుణమేమిటంటే, స్టేషన్ బయటికి వచ్చి వంతెన దాటితే బజారే. ఆ ఏడు ఆయనకు మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. అదే అదనుగా సెల్‌ఫోన్ల వ్యాపారి ఒకడు కొట్టు అద్దెకడిగాడు. తెచ్చేవాళ్ళు లేనప్పుడు కొట్టెందుకు, అద్దె పుచ్చుకుని కూర్చుందామన్నారు మావ. సరుకు నేను తెస్తానన్నాను. ఆయన గాజుల డబ్బాలు సర్దుతూనే, ఈసారి నన్ను వెంట తీసుకువెళతాననీ, నా తీరు చూశాక కొట్టు ఉంచడమా అద్దెకివ్వడమా చెబుతాననీ తేల్చారు. మోకాళ్ళకు రైలు ప్రయాణం పడదనీ, ముందుగా కొంటే టిక్కెట్టు చవగ్గా దొరికిందనీ విమానమెక్కాం. ప్రయాణమంతా నాకు మబ్బుల మీద ధ్యాస లేదు. కొట్టు నా చేతిలో నిలుస్తుందా అన్నదొక్కటే గుండెల్లో గాజుల పెట్టెలా గలగలలాడుతోంది.

ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. సరుకు కొనడానికి ఊరు వెళితే, అక్కడ చేతినుంచి పోయే మొదటి రూపాయి బేరమాడాకే పోవాలి. మూటల కూలీ కావచ్చు, రిక్షా కావచ్చు, అరటిపండే కావచ్చు. చెప్పిన ధరకు తల ఊపి మొదటి డబ్బు ఇచ్చామా, ఇక ఆ ప్రయాణమంతా అమ్మేవాడి నోటిమాటే చెల్లుతుందని మావ నమ్మకం. హౌరాలో దిగిననాళ్ళు దీనికెన్నడూ ఇబ్బంది రాలేదు.

విమానాశ్రయంలో వచ్చింది. కొత్తగా కట్టిన ఆ భవనంలో పైకప్పు నిండా బెంగాలీ అక్షరాలు, తెల్లటి ఆకాశంలో పక్షులు బారు తీరినట్టు. నేను మైమరచి చూస్తుంటే మావ తల పైకెత్తి నిట్టూర్చారు.

“రేట్లు అంత ఎత్తున రాసెత్తే ఇంకెవడు బేరమాడతాడమ్మీ?”

ఆ అక్షరాలు రేట్లు కాకపోయినా, ఆయనన్నది అబద్ధం కాలేదు. టాక్సీ కావాలంటే గాజు గది వెనక పిల్ల చీటీ ఇస్తుంది, చీటీ మీద ధర అచ్చువేసి ఉంటుంది. నేను తగ్గించమంటే ఆ పిల్ల ముద్దుగా నవ్వి, నా వెనకవాణ్ణి ముందుకు రమ్మంది. టీ దగ్గర ధర విని మావ ఆ కప్పు తనతో ఇంటికి వస్తుందా అని అడిగారు. చల్లగాలి బస్సుంది, చవకే, కాని ఆ కండక్టరు చేతిలో మిషనుంది. మిషనుతో బేరమేమిటి? బస్సు గుమ్మం దాకా వెళ్ళిన మావ పాదం వెనక్కి తీసుకున్నారు. ఆయన దాహంతో పెదవులు తడుపుకుంటున్నారు. అయినా మొదటి రూపాయి అలా పోతే సరుకు కొననే కొననన్నారు. కొనకపోతే సంబరానికి కొట్టు ఖాళీ. ఖాళీ కొట్టును అద్దెకివ్వడం ఎంతసేపు!

అచ్చువేసిన ధరలన్నీ గేటు లోపలివే కదా, గేటు దాటితే బేరం ఉంటుందని తోచింది. మావను సామాన్ల తోపుడుబండి కమ్ముల మీద చేతులు ఆనించి మెల్లగా నడవమన్నాను. అది వెళ్ళనిచ్చినంత దూరం వెళ్ళి, అక్కడ దాన్ని వదిలేసి, బ్యాగులు నేను పట్టుకుని, ఆయన చెయ్యి నా భుజం మీద వేయించుకున్నాను. అప్పుడే వాన వెలిసింది. దారి పక్క ఖాళీ నేలలో రెల్లు విరగబూసి ఉంది. గాలి వీచినప్పుడల్లా ఆ తెల్లదనమంతా ఒకవైపుకు ఒరిగి మళ్ళీ లేచేది. పైన విమానాలు దిగుతున్నాయి, కింద మేమిద్దరం వాగు దాటేవాళ్ళలా అడుగులో అడుగు వేస్తున్నాం. ఆ నడక ఎంతసేపు సాగిందో ఇప్పటికీ చెప్పలేను. కలలో నడకకు కొలత ఉండదు కదా.

పెద్దరోడ్డు మీద సైకిలుకు కొబ్బరిబోండాలు వేలాడగట్టుకున్న ఒక మనిషి కనిపించాడు. నాకు దేవుడు కనిపించినట్టయింది. అతనిది వంగభాష, నాది తెలుగు. వేళ్ళతో అడిగాను, వేళ్ళతో చెప్పాడు. సగం వేళ్ళు మడిచి చూపించాను. అతను తల అడ్డంగా ఊపాడు. బ్యాగులెత్తుకుని కదిలాను. మన వైపైతే నాలుగడుగుల్లో వెనక్కి పిలుస్తారు. అతను పిలవలేదు. మావ మాత్రం నేనెవరో ఎరగనట్టు రెల్లుపూల వంక చూస్తున్నారు. గొంతెండిపోతున్నా తిరిగి చూడకుండా నడుస్తూనే ఉన్నాను. ఎంతకీ ఆగని నన్ను చూసి చివరికి అతనే ఏదో గొణిగి, కత్తితో బోండాం మీద టకటకమని కొట్టి పిలిచాడు. మా మొదటి రూపాయి నేనడిగిన ధరకే పోయింది. నా జన్మలో అంత తీయటి నీళ్ళు మళ్ళీ తాగలేదు.

ఆ తరవాత బజారు మీదుగా వెళ్ళే మామూలు బస్సు దొరికితే మావ కుర్రవాడిలా ఎక్కేశారు. కూర్చున్నాక నవ్వాపుకుంటూ నా వైపు వంగారు.

“ఆ బోండాలోడు ఏటన్నాడో తెలిసిందేటి?”

“నాకేటి తెలుస్తాది మావా!”

“‘ఈయమ్మ మొగుడు ఎలాగ బతుకుతన్నాడో’ అన్నాడు.”

అంత బెంగాలీ వచ్చిన మనిషి అక్కడ ఉలకలేదు, పలకలేదు. నాకు ఒళ్ళు మండింది.

“మరి ఒక్క మాట సాయం సెయ్యకపోనారేటి?”

“నాను సాయం సేత్తే నా బేరమవుతాది గాని నీ బేరమెలాగవుతాది?”

కండక్టరు వచ్చాడు. మావ నడుముకు కట్టుకున్న గుడ్డసంచీ ముడి విప్పి, దాన్ని నా ఒళ్ళో పెట్టారు.

“టిక్కెట్లు నువ్వే తియ్. బజార్లోనూ నువ్వే. ఆ సెల్‌ఫోనోడ్ని ఇంకో కొట్టు సూసుకోమని సెప్పెద్దుం.”

కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆ సంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్న నా ముందునుంచి నగరం మెల్లమెల్లగా వచ్చింది. గుర్రపుడెక్క కమ్మేసిన పచ్చటి చెరువులు, పండగ పందిళ్ళకు సగం కట్టిన వెదుళ్ళు, ఇంకా మట్టి పూయని అమ్మవారి గడ్డిబొమ్మల్ని మోసుకుపోయే బండ్లు, పెచ్చులూడిన మేడల ఆకుపచ్చ కిటికీలు, వాటిలోంచి జుట్టు ఆరబెట్టుకుంటూ చూసే ఆడవాళ్ళు. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. ఎప్పటికో మంచులాంటి పొగ వెనక ఇనుప వంతెన లేచి నిలబడింది. మావను తట్టి లేపాను.

ఆ తరవాత ఏటా ఒక్కదాన్నే వెళ్ళాను, గేటు దాకా నడిచే, మామూలు బస్సెక్కే. మావ పోయాక కూడా కొన్నేళ్ళు సాగింది. కిందటిసారి వెళ్ళినప్పుడు మాత్రం ఫోనులో కారు పిలిచాను. ధర అదే చెప్పింది, డబ్బు అదే కోసుకుంది, డ్రైవరు మొహం కూడా సరిగా చూడలేదు. అద్దాలు ఎత్తిన ఆ చల్లదనంలో నిద్రపట్టి, బజారు ముందు మెలకువ వచ్చింది. ఎంతైందో తెలిసింది గాని ఏ దారిన వచ్చానో తెలియలేదు.

ఇప్పుడు ఆపాటి ప్రయాణం కూడా లేదు. టోకు వ్యాపారి గాజుల ఫోటోలు ఫోనుకు పంపుతాడు, నేను వేలితో నొక్కుతాను, పార్సెలు గుమ్మంలోకి వస్తుంది. మావ అప్పగించిన పని ఇంకా నా చేతిలోనే ఉంది. దానికోసం వెళ్ళవలసిన దూరమే లేకుండా పోయింది.