మోచేతి మడతలో దాచిన నరం

కొత్త పేషెంటు వస్తే రత్నకుమారి ముఖం కంటే ముందు చేతులు చూసేది. ఆ అలవాటు మీద వార్డులో నర్సులమంతా నవ్వేవాళ్లం. పెళ్లిచూపుల్లో కూడా పెళ్లికొడుకు నరాలే చూసి లేచొచ్చేసి ఉంటుందని నేనే అనేదాన్ని. ఆమె పెళ్లి చేసుకోలేదు. నర్సింగు చదివి భీమవరం నుంచి రాయపూర్ వచ్చింది, ఇక్కడే ఉండిపోయింది. గదిలో ఒక్కటే కుర్చీ. రెండోది ఎవరికోసం కొనాలి అనేది.

తొంభై మూడులో దగ్గర్లోని తిల్దా నుంచి అప్పలనరసమ్మను తెచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వే గ్యాంగ్‌మన్ దానయ్య భార్య. కాలి ఎముకలో చీము పట్టింది. వారాల తరబడి నరంలోకి మందు ఎక్కించాలి. నరాలేమో దారాల్లా ఉన్నాయి. పైగా చేతినిండా గాజులు. మణికట్టు దగ్గర పెట్టిన ప్లాస్టిక్ సూదిని అవి కదిపేసేవి. తియ్యమంటే ఒప్పుకునేది కాదు.

"మా ఆయనుండగా గాజులు తీత్తానేటి? సుయ్యి ఇంకోకాడ ఎట్టు, బస్."

రత్నకుమారి గాజుల్ని పైకి జరిపి గుడ్డతో కట్టేసింది. వేళ్ల వైపు నుంచి మొదలుపెట్టి, కింది నరం పాడైతేనే పైదానికి వెళ్లేది. ఎడమ మోచేతి మడతలో మంచి నరం ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. రక్తం తియ్యడానికి వచ్చినవాణ్ని కసిరి కుడిచేతికి పంపేది.

సూది మార్చిన ప్రతిసారీ ఇద్దరికీ కబుర్లే. తను నరం కోసం తడుముతుంటే అప్పలనరసమ్మ అడిగేది, "అన్నం తిన్నావేటి? ఏటి వొండుకున్నావు?" అని. రత్నకుమారిని ఆ మాట అడిగే మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు లేరు.

చివరికి రెండు చేతులూ కమిలిపోయి ఆ మోచేతి నరమే మిగిలింది. అందులోనూ మామూలు సూదే పెడితే కొన్నాళ్లు గడుస్తుంది, ఆ తర్వాత అదీ పోతుంది. అదే నరంలోంచి సన్నటి పొడుగు గొట్టం వేయిస్తే గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్లి వారాలు నిలుస్తుంది. మందు తిల్దా ఆసుపత్రిలోనే ఎక్కించుకోవచ్చు. నరం వెతికే పని ఉండదు. రత్నకుమారితో పనీ ఉండదు.

డాక్టరు వచ్చేదాకా ఆమె ఆ మంచం చుట్టూనే తిరిగింది.

"ఇంకొక్కసారి మామూలు సూదే పెట్టి చూస్తే?" అంది నాతో.

వెంటనే తనే సిగ్గుపడి తల తిప్పుకుంది. డాక్టరు రాగానే, పొడుగు గొట్టం వేసేద్దామని, దానికోసమే ఆ నరం దాచానని హిందీలో గబగబా చెప్పేసింది.

గొట్టం చక్కగా కుదిరింది. దానయ్య వచ్చి భార్యను స్టేషనుకు తీసుకెళ్లడానికి ఆటో ఎక్కించాడు. అప్పలనరసమ్మ రత్నకుమారి గడ్డం పట్టుకుంది.

"నావల్ల సానా పరేషానైపోనావమ్మా. ఇంక నా పీడ వొదిలిపోనాది. ఆరామ్‌గా ఉండు."

రత్నకుమారి నవ్వుతూ తలూపింది. ఆటో గేటు దాటి వెళ్లిపోయాక, ఆ వైపే చూస్తూ, "నువ్వు పీడేంటక్కా" అంది. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను.