గుహ చూడ్డానికి ముందు నిద్ర

మా ఆయనకి సెలవంటే కాళ్లకి చక్రాలు కట్టుకోవడమే. విజయనగరంలో బడిపంతులు. పంతొమ్మిదివందల ఇరవైల మాట ఇది. వేసవి సెలవులు ఇవ్వగానే పంచాంగం చూసి, ఎడ్లబండి మాట్లాడి, నన్ను అనంతగిరి ఘాటీ ఎక్కించేశారు. ఆ చలికాలమంతా జ్వరంతో మంచంపట్టి లేచినదాన్ని. అయినా నోరెత్తలేదు. బొర్రా గుహ చూడాలని పెళ్లికి ముందునుంచీ నా కోరిక. చూస్తే నా కాళ్లతో నడిచి వెళ్లి చూడాలి.

కొండమీద ఊళ్లో ఒక పాకలో దిగాం. మర్నాటినుంచే జలపాతం అన్నారు, సంత అన్నారు, ఎవరో కాఫీ మొక్కలు నాటారట పద చూద్దామన్నారు. తిరిగొచ్చాక పొయ్యి ఊదడం మాత్రం నా ఒక్కదాని వంతు. వారం తిరక్కుండానే నా మోకాళ్లు వాచిపోయాయి. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఇంక నీవల్ల కాదు. గుహకి నేనొక్కణ్ణే వెళ్లొస్తాను. నువ్వు ఇంటిపట్టున ఉండు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం వచ్చింది ఈయనకి వండిపెట్టడానికా?

తెల్లారి ఆయన తలపాగా చుట్టుకుని సిద్ధమైతే, దారి చూపేవాడు రానే లేదు. ఊళ్లో ఇటుకల పండుగ మొదలైందట. చైత్రంలో వచ్చే ఆ పండుగ రోజుల్లో కొండవాళ్లు నాగలి పట్టరు, కూలికి పోరు. మగవాళ్లంతా అడవికి వేటకి పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వాసం కట్టి, వచ్చేపోయేవాళ్లని ఆపి డబ్బులడుగుతూ, ఆడుతూ పాడుతూ గడుపుతారు. వట్టి చేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద పేడనీళ్లు పోస్తారు. మా పంచాంగంలో ప్రయాణానికి మంచిరోజు ఉంది గానీ ఈ పండుగ ఎక్కడుంది?

ఆయన కూర్చునే మనిషి కాదు. సెలవు దండగైపోతోందని గింజుకుని వేటగాళ్ల వెంట తానూ పడ్డారు. నేను చీపురు అందుకోబోతే పక్కింటి ముసలమ్మ వచ్చి లాగేసుకుంది.

"పండగలో పనేటమ్మా? తొంగో," అంది.

తొంగున్నాను. పట్టపగలు, సిగ్గూ ఎగ్గూ లేకుండా! మెలకువ వస్తే ఆవిడ పోసిన చోడి అంబలి తాగడం, మళ్లీ పడుకోవడం. పెళ్లయ్యాక అంత నిద్ర ఎరగను. పండుగ సాగినన్నాళ్లూ నా మోకాళ్లు తేలికపడుతూ వచ్చాయి, ఆయన అరికాళ్లు బొబ్బలెక్కుతూ వచ్చాయి.

ఆఖరిరోజు వేటలో ఏమీ పడలేదు. తలలు దించుకుని వస్తున్న గుంపులో మా ఆయనా ఉన్నారు. ఆడవాళ్లు పకపకా నవ్వుతూ పేడనీళ్ల ముంత తెచ్చి నా చేతిలో పెట్టారు. విజయనగరంలో ఆయన ఎదుట గట్టిగా దగ్గి కూడా ఎరగను.

"ఏమిటే, నిజంగానే?" అన్నారు.

ముంత మొత్తం కుమ్మరించాను. అబ్బ, ఎంత హాయనిపించిందో! ఆయనా నవ్వేశారు, పాపం, ఎంతైనా మంచి మనిషి.

మర్నాడు లేపితే అటు తిరిగి పడుకున్నారు. నేనూ ముసలమ్మా బయల్దేరాం, ముందు ఆవిడ కొడుకు దివిటీ పట్టుకుని. లోయ దిగాను, గట్టు ఎక్కాను, ఎక్కడా చతికిలబడలేదు. గుహలో కప్పు ఎంత ఎత్తంటే దివిటీ వెలుగు దానికి అందలేదు. పైనుంచి ఊడల్లా దిగిన రాళ్లు, గబ్బిలాల కంపు, ఎక్కడో అడుగున నీళ్ల చప్పుడు. మంచంపట్టిన ఈ కాళ్లే నన్ను ఇక్కడిదాకా తెచ్చాయనుకుంటే సంతోషంతో ఏడుపొచ్చింది. గొంతెత్తి ఒక్క కేక పెట్టాను. గుహంతా బదులు పలికింది.

పొద్దుగూకేవేళకి పాక చేరాను. ఆయన వేణ్ణీళ్లలో పాదాలు పెట్టుకుని అరుగుమీద కూర్చున్నారు. గుహ ఎలా ఉందని అడిగారు. చెప్పీ చెప్పకుండా ఊరించాను. ఉండబట్టలేక, రేపు పొద్దున్నే తీసుకెళ్తావా అన్నారు.

"ఎల్లుండి తీసుకెళ్తాను," అన్నాను. "రేపు మీరు పడుకోండి."