గట్టు అవతలి చేను

నా చిన్నప్పుడు మా మేనమామ తెల్లచొక్కా అంటే నాకు ప్రాణం. ఇప్పుడా చొక్కా గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. ఎనభైకి దగ్గరపడ్డాను, కోపాలన్నీ చల్లారే వయసు. ఈ ఒక్క కోపం మాత్రం చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు.

సాగర్ కట్ట కడుతున్న రోజులవి. మాది గురజాల దగ్గర ఒక పల్లె. వాన పడితే జొన్నలు, పడకపోతే పస్తులు. ఎకరం మెట్ట చేను అమ్మితే మంచి ఎద్దు ఒకటి వచ్చేది కాదు. కాలవ వస్తుందని అందరికీ తెలుసు. ఎవరి చేను తడుస్తుందో, ఎవరి చేను తవ్వకంలో పోతుందో మాత్రం ఎవరికీ తెలియదు. సర్వేవాళ్ళు వచ్చి రాళ్ళు పాతి పోయారు. ఆ రాళ్ళ గుట్టు తెలిసినవాడు మా మేనమామ. మాచర్లలో ఉండేవాడు. సర్వేవాళ్ళకు కోడికూరతో భోజనాలు పెట్టి సంగతులు రాబట్టేవాడు. ఆ తెల్లచొక్కాతో సైకిలు మీద ఊళ్ళు తిరిగి, అక్కడి చేలు పై ఊళ్ళ ఆసాములకు కొనిపెట్టేవాడు.

నాకప్పుడు పదిహేనేళ్ళు. హైస్కూలు చదువు ఇంకా రెండేళ్ళు మిగిలుంది. భూముల బేరం చేసేవాడికి నోరుంటే చాలు, చదువెందుకని మామ నా చెవిలో పోరేవాడు. బడి మానేసి తన వెంట వస్తే ఏడాది తిరిగేసరికి నాకూ ఒక సైకిలు కొనిపెడతానన్నాడు. బడి తెరిచేలోగా ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు మా నాన్న. నేను అప్పటికే తేల్చేసుకున్నాను. పుస్తకాలు మూటగట్టి అటక మీద పడేశాను కూడా.

మా చేని పక్క చేను ఒక అత్తది. మాకూ ఆవిడకూ చుట్టరికం లేదు, గట్టొక్కటే. రెంటచింతల ఆడపడుచు. మొగుడు పోయాక ఆ రెండెకరాలూ ఒంటి చేత్తో చేసుకొచ్చేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాకే చేలో కాలు పెట్టేది. మా పొలానికి పోయినప్పుడల్లా నన్ను పిలిచి సజ్జరొట్టె చేతిలో పెట్టేది. పుట్టింటికి ఉత్తరం రాయాలన్నా, వచ్చింది చదవాలన్నా నేనే. మా మామకు కావలసింది సరిగ్గా ఆ నమ్మకమే.

అత్త చేను కాలవ తవ్వకంలో పోతుందని, సర్కారు ఇచ్చే పరిహారం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలని, ఇప్పుడే అమ్ముకుంటే నాలుగు రాళ్ళు మిగులుతాయని మామ నాకు చెప్పాడు. ఆ మాట తను చెబితే ఆవిడ నమ్మదని, నన్ను చెప్పమన్నాడు. నేను ఒక్క ప్రశ్న అడగలేదు. పరుగున పోయి చెప్పాను. ఆవిడకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. అత్త కలుపు తీస్తున్న చెయ్యి ఆపి ఒకసారి మా గట్టు వైపు చూసి, సరే, హద్దులు తొక్కుదాం రమ్మను అంది.

మా వైపు చేను అమ్మాలంటే కాగితం కంటే ముందు హద్దులు తొక్కాలి. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, నాలుగు పక్కల చేలవాళ్ళు కలిసి గట్ల వెంట ఒక చుట్టు నడవాలి. నాలుగు దిక్కుల వాళ్ళూ సరేనంటేనే బేరం. మర్నాడు పొద్దున్నే అందరూ వచ్చారు. సత్తెనపల్లి అవతల నుంచి ఆసామి వచ్చాడు. తూర్పు హద్దు మాది కాబట్టి మా నాన్న వచ్చాడు. మామ ముందు నడుస్తుంటే నేను ఆయన పక్కనే ఛాతీ విరుచుకుని నడిచాను.

మూడు దిక్కులూ అయ్యాయి. మా గట్టు దగ్గరకు వచ్చేసరికి అత్త ఆగిపోయింది. మామతో కాదు, మా నాన్నతో కాదు, నాతో మాట్లాడింది.

“ఒరేయ్ అబ్బాయ్, నా చేను కాలవలో పోద్దని చెప్పింది నువ్వే గదా? మరి కాలవ ఈ గట్టు కాడ ఆగుద్దా? మీ చేను పోదా?”

నాకు తట్టనే లేదు. నిజమే, మాదీ పోవాలి. అత్త ఇంకా అంది, “పాపం, మీరెందుకు నష్టపోవాల? నాకు ఏ ధర చెప్పారో అదే ధరకు మీ చేను నేను తీసుకుంటా. గేదెలమ్మి అయినా ఇస్తా. మీ నాయనను రాసియ్యమను.”

నేను వెర్రివాణ్ణి. నిజంగానే మా నాన్న వైపు తిరిగి, అమ్మేద్దాం నాన్నా, మామ చెప్పాడు, అంతా తవ్వకంలో పోతుందంట అని బతిమాలాను. మా నాన్న ముఖం ఎర్రబడింది. చుట్టూ మనుషులున్నారన్న సంగతి మరిచిపోయి అరిచాడు.

“నోరు ముయ్యరా! నీళ్ళొచ్చే చేను ఎవడన్నా అమ్ముకుంటాడంట్రా?”

ఆ మాట అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. మా మామ తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు. ఆసామి కండువా దులుపుకుని వచ్చిన దారినే పోయాడు.

కాలవ పోయేది అక్కడికి అరమైలు ఎగువన. అత్త చేనుకూ మా చేనుకూ రెండింటికీ నీళ్ళొస్తాయి. ఆ సంగతి మామకు తెలుసు, మా నాన్నకు తెలుసు. అత్తకు రాళ్ళ గుట్టు తెలియకపోయినా కళ్ళున్నాయి. వరి మడికి చేసినట్టు మా నాన్న గట్లు ఎత్తు చేయించడం వారం నుంచీ చూస్తూనే ఉంది. కాలవలో పోయే చేనుకు ఎవడు గట్లు పోస్తాడు? అందుకే నలుగురిలో నిలబెట్టి నిజం కక్కించింది. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. నా నోటినే అబద్ధానికి అద్దెకిచ్చాను. మామ మీద కోపం వచ్చింది. అంతకంటే మా నాన్న మీద వచ్చింది. ఒకే బావి నీళ్ళు తాగిన మనిషిని నమ్మించి గొంతు కోస్తుంటే ఊరుకున్నాడు, బావమరిది బేరం కదా అని! ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి మా మధ్య రాలేదు.

ఆ సాయంత్రం తల దించుకుని అత్త దగ్గరకు వెళ్ళాను. ఆవిడ రొట్టె పెట్టలేదు, ఓదార్చలేదు. తిట్టనూ లేదు.

“నువ్వు అబద్ధమాడావని కాదురా నాకు మంట. ఎవడో చెప్పమంటే, ఏందీ ఎందుకూ అని అడక్కుండా చెప్పావే, అదీ. ఆ పనిలోకి పోతానంటే పో. చేలు అమ్ముకునే అవసరాలు అందరికీ ఉంటయ్, మధ్యన మనిషీ కావాల. కాకపోతే పక్కోడి చేనుకి ధర కట్టేముందు అదే ధర నీ చేనుకి చెప్పుకో. నోరు రాకపోతే లేచి ఇంటికి పో.”

బడి తెరిచిన రోజున అటకెక్కి మూట దింపుకున్నాను. పంతులునై, రిటైరయ్యాక బంధువులు బతిమాలితే నాలుగైదు బేరాలకు మధ్యన కూర్చున్నాను. రెండుసార్లు నా నోరు రాలేదు. టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. వాళ్ళిప్పటికీ నన్ను చాదస్తుడంటారు. అననీ.

మొన్న మా మనవరాలు రియల్ ఎస్టేట్‌లో డిగ్రీ చేస్తానంది. జీవితమంతా బేరగాళ్ళను తిట్టినవాణ్ణి, వద్దంటానని ఇంట్లో అందరూ భయపడ్డారు. నేను వద్దనలేదు. నువ్వు అమ్మబోయే స్థలంలో, నువ్వు చెప్పే ధరకే, మీ అమ్మ చేత ఇల్లు కట్టిస్తావా అని ఒక్కటే అడిగాను. ఆలోచించుకుని చెబుతాను తాతయ్యా అంది. ఆలోచించుకుని చెబుతానన్న ఆ ఒక్క మాట పదిహేనో ఏట నా నోట వచ్చి ఉంటే, ఆ గట్టు మీద అత్త ముందు దోషిలా నిలబడేవాణ్ణి కాదు.