రాసినవాళ్లదే సైటు

ఆ ఆదివారం పెనుకొండ బస్సెక్కేటప్పుడే నా నోరు పోట్లాటకు సిద్ధంగా ఉంది. బస్సు హిందూపురం దాటేలోగా అనాల్సినవన్నీ మనసులో రెండుసార్లు అనేసుకున్నాను. నేను తెలుగు మాస్టారిని. నాకు కోపం కూడా వాక్యాలుగానే వస్తుంది.

గొడవ మా వెబ్‌సైటు గురించి. ఒక వారపత్రికలో ఏళ్లుగా వస్తున్న డిటెక్టివ్ సీరియల్ మీద ముగ్గురు అభిమానులం నడుపుతున్న సైటు అది. ఏ వారం కథలో ఎవరు అబద్ధమాడారు, రచయిత ఎక్కడ తప్పులో కాలేశాడు అని విడదీసి రాస్తాం. దాన్ని తయారుచేసింది పెనుకొండలో నెట్ సెంటర్ నడిపే మిత్రుడు. రిజిస్ట్రేషన్ అతని పేరు మీదే. మూడో మనిషి ధర్మవరంలో పట్టుచీరలు నేసే అక్క. ఆమె మగ్గం మీద కూర్చునే ఫోన్లో చెబుతుంది, నేను రాసి పెడతాను. అందులో రాయడానికి ఖాతా ఒక్కటే, అది నా పేరున.

ఇప్పుడా మిత్రుడు సైటును ఉద్యోగ ప్రకటనలకు మార్చేస్తానన్నాడు. పాతవన్నీ చెరిపేస్తాడట. ఆపకపోతే సాయంత్రానికి మా రాతలేవీ మిగలవు.

నెట్ సెంటర్ షట్టరు సగం దించి ముగ్గురం కూర్చున్నాం. అతను మెత్తగానే మొదలుపెట్టాడు. లేని మనుషుల అబద్ధాలు పట్టుకుంటే ఎవరికి లాభం, ఉద్యోగాల కబురు పెడితే నలుగురు పిల్లలకు దారి దొరుకుతుంది అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. అందుకే నాకు మరీ మండింది.

"ఆ కథ రాసినాయప్పకే లేని బాధ మనకేల? కందకు లేని దురద కత్తిపీటకెందుకప్పా," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. గొంతు తరగతిలో లేచినట్టే లేచింది. నువ్వు పేజీలు తయారుచేశావు, వాటిలో ఉన్న ఆలోచన నీది కాదు అన్నాను. "రాసినవాళ్లదే సైటు. చెరిపే హక్కు నీకు లేదు." అతని ముఖం ఎర్రబడింది. చెయ్యి మౌస్ మీదికి పోయింది.

అప్పుడు అక్క అడిగింది. "ఆ మగ్గం సంగతి తీయి సార్. ఒకసారి సదువు."

అది మా సైటుకు పేరు తెచ్చిన రాత. కథలో ఒకావిడ, హత్య జరిగిన రోజు పొద్దున మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించి, మధ్యాహ్నానికే మూరెడు చీర నేశానని సాక్ష్యం చెబుతుంది. పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకడానికే పొద్దంతా పడుతుంది, ఆవిడ చెప్పేది అబద్ధం అని అక్క పట్టేసింది. రచయిత ఆ గుట్టు విప్పడానికి ఎన్నో వారాల ముందే.

చదివాను. "ఆమె చెప్పిన కాలానికీ పనికీ పొంతన లేదని నా పరిశీలనలో తేలింది" అని ఉంది. కింద నా పేరు. దాని కింద పాఠకుల మెప్పులు, వాటికి నేను చెప్పిన కృతజ్ఞతలు. పోగులు అతకడం గురించి ఒక్క ముక్క లేదు. చదివేవాళ్లకు అర్థం కాదని నేనే తీసేశాను. ఆ సంగతి ఆమెకు చెప్పనూ లేదు.

"మొన్న నా కూతురు సూపించింది," అంది అక్క. "నా పేరు యాడా లేదు, పోనీలే అనుకొంటి. నా పని గూడా లేదే సార్. రాసినోళ్లదే అంటాండావు. మరి పట్టుకొన్నోళ్లది ఏముండాది ఈడ?"

ఖాతా ఒక్కటే కదా అని ఏదో గొణిగాను. నా చెవులకే అది సాకులా వినిపించింది. నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను. సిగ్గుతో ముఖం మండిపోయింది.

అక్క అతని వైపు తిరిగింది. ఏదీ చెరపొద్దంది, సైటును తన పేరు మీదికి మార్చమంది. ఇకనుంచి తన మాటలు ఫోన్లో రికార్డు చేసి తన గొంతుతోనే పెడుతుందట. ఉద్యోగాల కబురు పక్కనే ఇంకో పేజీలో పెట్టుకోమంది. అతను నన్ను అడగకుండానే సరేనన్నాడు. నా ఖాతా తీసేసి ఆమె పేరున తెరవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వెళ్లబోతూ అక్క నా దగ్గర ఆగింది. "నీకేమన్నా తోస్తే రాసి పంపు సార్. నేను చూసి పెడతా." ఆ మాటలో వెక్కిరింపు లేదు.

ఆ వారం సంచిక కొన్నాను. సీరియల్‌ను రెండుసార్లు చదివి, కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె చెప్పకుండా నా అంతట నాకు తోచింది ఒక్కటీ లేదు.