ప్రార్థనక్క మానేసిన ప్రార్థన

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. అందరికీ ప్రార్థనక్కే. తెల్లవారకముందే లేచి ముఖం కడుక్కుని, కుట్టుమిషను పక్కన గోడవైపు తిరిగి మోకరిల్లేది. మాట పెదవి దాటీ దాటనట్టు దేవుడితో మాట్లాడుకునేది. ఆ తరువాతే పొయ్యి వెలిగించడమైనా, బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించడమైనా. ముందు ఆయన దగ్గర కాసేపు కూర్చుంటే గాని చేతుల్లోకి సత్తువ దిగదని ఆమె నమ్మకం.

ఎదురింటావిడ పసిబిడ్డకు జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చినప్పుడు ఆమె ప్రార్థించింది. బిడ్డ తేరుకున్నాడు. ఆస్పత్రిలో ఎక్కించిన మందును ఎవరూ తలుచుకోలేదు. ఆ కబురు ఆ నోటా ఈ నోటా పాకి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కష్టాలు కూడా అప్పగించి పోయేవారు. అది ఆమెకూ తియ్యగానే ఉండేది.

భర్త బస్సు డ్రైవరు. వేళాకోళం మనిషి. పైవాడితో నీకు నేరుగా లైనుంది, నాకేమో డిపోలో సెలవే దొరకదు అనేవాడు. ఆయనకే నీటికాసులనే కంటిజబ్బు ముదిరింది. పక్కనున్నది కనపడక బస్సును స్తంభానికి రాసేశాక గాని డాక్టరు గుమ్మం తొక్కలేదు. కంటి నరం ఎండిపోయిందనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పేశాడు.

ఆమె ఒప్పుకోలేదు. ఉపవాసాలుంది. మోకాళ్ళు కాయలు కాచేలా ప్రార్థించింది. చూపు మాత్రం ఎండాకాలపు బావిలో నీళ్ళలా ఇంకిపోయి, చివరకు కిటికీ ఎటుందో కూడా ఆయనకు తెలియకుండా పోయింది.

పరామర్శకు వచ్చిన ఆడపడుచు అన్నం తిని చేయి కడుక్కుంటూ అంది, "ఏమీ అనుకోకు వదినా. ఊరందరికీ పనిచేసింది మా అన్నకు పనిచేయలేదంటే, నీ మనసులోనే ఏదో ఉండుంటుంది."

ఆ మాట వీధి చుట్టి వచ్చింది. ఎదురింటావిడ పిల్లవాడి చొక్కా గుడ్డ వేరే దర్జీ దగ్గరికి తీసుకుపోయింది.

మర్నాడు ఆమె మోకరిల్లలేదు. ఆ మర్నాడూ అంతే. లేస్తూనే మిషను ముందు కూర్చునేది. కుట్టు వంకర పోయేది, విప్పి మళ్ళీ కుట్టేది. భర్త గ్లాసు తడుముకుంటే కసిరేది. తరువాత తనను తానే తిట్టుకునేది.

ఒక ఉదయం ఆయన మంచం మీద లేచి కూర్చుని అడిగాడు, "గొణగడం మానేశావేం?"

"ఎవరితో గొణగను? వినేవాడుంటే కదా."

"ఆయన సంగతి నాకు తెలీదు. నేను వినేవాణ్ణి. నీ గొంతు వినపడితే ఇక తెల్లారుతుందని తెలిసేది. ఇప్పుడు నాకు తెల్లారడమే లేదే."

ఆమెకు ఒళ్ళు మండింది. భర్త మీదో, దేవుడి మీదో తేల్చుకోలేక గోడవైపు తిరిగి దబ్బున కూలబడింది. స్తుతులేవీ నోటికి రాలేదు. "పరాయి బిడ్డను లేపావు. నా మనిషిని చీకట్లో పడేశావు. నలుగురిలో నా పరువు తీశావు. ఇదేనా నీ న్యాయం?" అని గొంతెత్తి నిలదీసింది. ఓపిక తీరేదాకా ఏడ్చింది. జవాబు రాలేదు. కానీ లేచి నిలబడేసరికి భుజాల్లో పాత సత్తువ కాస్త కదిలింది. ఆ చేత్తోనే భర్తకు గడ్డం గీసింది. ఎక్కడా గాటు పడలేదు.

అప్పటినుంచి మళ్ళీ మానలేదు. చూపూ రాలేదు, పోయిన గౌరవమూ రాలేదు. రోజు గడవడానికి కావలసినంత బలం మాత్రం ఏ రోజుకారోజు దొరికేది. మర్నాటికి మిగిలేది కాదు.

కొన్నాళ్ళకు ఆడపడుచు మళ్ళీ వచ్చింది. కొడుకు ఉద్యోగం ఊగిసలాడుతోందట, కాస్త ప్రార్థించమంది. ఆమె సరేనంది. తెల్లవారుజామున మోకరిల్లి అందరినీ తలుచుకుంది. ఆడపడుచు కొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. పెగలడం లేదని ఆ దేవుడికే చెప్పి, లేచి పొయ్యి వెలిగించింది.