శవంగా పడుకుని మార్కులేసిన అయ్యగారు

మా అయ్యగారు ప్రభువునందు నిద్రించారన్న వార్త వాట్సాప్‌లో వచ్చేసరికి నేను గరికపాడు చెక్‌పోస్టు పక్కన ఢాబాలో ఆమ్లెట్ తింటున్నాను. చదువరులారా, శిష్యుడికి మొదట దుఃఖం రావాలి. నాకు మాత్రం, ‘ఇప్పుడు నా సప్లిమెంటరీ ఎవరు పెడతారు?’ అన్న ఆలోచన వచ్చింది. ఆమ్లెట్ పూర్తి చేశాకే ఏడుపొచ్చింది. ఈ వరుస ఆయన చూసుంటే ఇంకో సున్నా వేసేవారు.

జగ్గయ్యపేటలో డిగ్రీ అయ్యాక నందిగామ దగ్గరి బైబిలు కాలేజీలో చేరాను. అక్కడ ప్రసంగం ఎలా చెయ్యాలో నేర్పే మాస్టారు ఈయన. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. మొదటిరోజు ఒకడు లేచి, దేవుడు తనను సేవకు పిలిచాడని కళ్లు మూసుకుని సాక్ష్యం చెప్పాడు. అయ్యగారు లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, “రాంగ్ నంబరేమో, ఇంకోసారి కనుక్కో నాయనా” అన్నారు. వాడు వారం రోజులు ప్రార్థన మానేశాడు.

రెండో ఏడాదిలో భూస్థాపన ప్రసంగం పరీక్ష ఉండేది. మిగతా కాలేజీల్లో కాగితం మీద రాస్తారట. మా దగ్గర అయ్యగారే శవం. ఇంటినుంచి నీలిమందు పెట్టి ఉతికిన దుప్పటి తెచ్చుకుని, బల్లమీద పడుకుని, మొహం దాకా కప్పుకునేవారు. మేం ఒక్కొక్కరం ఆయన తలాపున నిలబడి ఆయన గురించే ప్రసంగించాలి. విసుగు పుడితే శవం గురక పెట్టేది. అబద్ధం వింటే లేచి కూర్చునేది.

జి.కొండూరు నుంచి వచ్చిన మిత్రుడు గొంతు వణికిస్తూ, “ఈయన పరమ సౌమ్యుడు” అన్నాడు. దుప్పటి ఎగిరింది.

“ఎవర్రా సౌమ్యుడు? వేరే చావింటికి పోయావేంట్రా?”

నా వంతొచ్చింది. నాకు తెలిసిన విద్య ఒక్కటే, నవ్వించడం. పరలోకపు గుమ్మం దగ్గర ఈయన దేవదూతల ఉచ్చారణ దిద్దుతున్నాడని చెప్పాను. క్లాసంతా పొర్లి పొర్లి నవ్వింది. దుప్పటి కింద శవం పొట్ట కూడా అదిరింది. నేను గెలిచాననుకున్నాను. ఆయన లేచి, దుప్పటి మడత పెట్టి, “సున్నా” అన్నారు.

“మీరూ నవ్వారు కదండీ!”

“శవం నవ్వితే పాసా? నీ ప్రసంగంలో చచ్చినోడు లేడురా. మొదట్నుంచి చివరిదాకా నువ్వే ఉన్నావు.”

ఆ పేపరు దాటకపోతే ఏ సంఘానికీ పాస్టరుగా పంపరు. బతిమాలాను. ఆయన కరగలేదు. “పెళ్లిలో తప్పు మాట్లాడితే బిర్యానీ తిని మర్చిపోతారు. మనిషిని పాతిపెట్టేది ఒక్కసారే. అక్కడ సప్లిమెంటరీ లేదు” అన్నారు. చుట్టుపక్కల కూలిజనం ఇళ్లల్లో ఎవరు పోయినా పాత స్కూటరేసుకుని వెళ్లేది ఆయనేనని అప్పటికి నాకు తెలుసు.

తర్వాత ఆయనకు జబ్బు చేసి ముదిరింది. నందిగామలో వాళ్లింటికి చూడ్డానికెళ్లాను. పరామర్శ ఒక చేత్తో, సప్లిమెంటరీ ఇంకో చేత్తో. మంచం పక్కన అమ్మగారు గోరుచిక్కుడుకాయలు తుంచుతున్నారు. అయ్యగారు ఎముకలగూడు.

“రారా. సమయానికొచ్చావ్. ఈసారి బల్ల కూడా అక్కర్లేదు. మొదలెట్టు.”

“ఏంటండీ ఆ మాటలు, పిల్లోడి ముందు!” అన్నారు అమ్మగారు.

“పిల్లోడేంటే, గడ్డమొస్తేనూ. కానివ్వరా.”

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను చెప్పాను. ఒక్క జోకు వెయ్యలేదు. ఉన్న మనిషిని ఉన్నట్టే చెప్పాను, ఆ నాలుక, ఆ స్కూటరు, ఆ దుప్పటి. మధ్యలో నిజంగానే ఏడ్చేశాను. ఏడుస్తూనే లోపల అనుకున్నాను, ఇక పాసే అని.

ఆయన ఒక కన్ను తెరిచారు.

“ఎవరికోసం ఏడ్చావు?”

“మీకోసమేనండీ.”

“నేను పోతున్నా. నాకెందుకు? ఇందాకట్నుంచి ఈవిడ నీ పక్కనే కూచుంది. ఒక్కసారన్నా ఇటు చూశావా? ఫెయిల్.”

అప్పుడు చూశాను. అమ్మగారి ఒళ్లో గోరుచిక్కుడుకాయలు తుంచినవీ తుంచనివీ కలిసిపోయి ఉన్నాయి.

భూస్థాపనకు విజయవాడ నుంచి పెద్దలొచ్చారు. వక్తలంతా మైకు పట్టుకుని “సౌమ్యుడు” అన్నారు. మా బ్యాచ్ అంతా ఊపిరి బిగబట్టి పెట్టెవైపు చూశాం. ఏమీ కదల్లేదు. ఆయన నిజంగానే పోయారని నాకప్పుడే నమ్మకం కుదిరింది.

సానుభూతితో నన్ను పాస్ చేస్తామన్నారు కాలేజీవాళ్లు. వద్దన్నాను. త్యాగమనుకోకండి. ఆయన వేసిన మార్కు దిద్దే ధైర్యం లేదు, అంతే.

మొన్న పొద్దున వీరులపాడు పక్క పల్లెనుంచి ఫోనొచ్చింది. మిరప చేలల్లో కూలికెళ్లే ఒకాయన చనిపోయాడు. వాళ్ల పాస్టరు ఊళ్లో లేడు. ఫెయిలైనవాడు ఖాళీగా ఉంటాడు కాబట్టి కాలేజీ నన్ను పంపింది.

శవం పక్కన చాపమీద ఆయన భార్య కూర్చుని ఉంది. నా వెనక్కి తొంగిచూసింది.

“పెద్దయ్యగారు రాలేదా బాబూ?”

“ఆయన కూడా పోయారమ్మా.”

“అయ్యో! మరి మా ఆయన్నెవరు సాగనంపుతారు?”

“నేనొచ్చానమ్మా.”

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “ఇంకెవరూ లేరా?” అంది.

దారంతా కూర్చుకున్న ప్రసంగం గుమ్మంలోనే పోయింది. చెప్పులు విడిచి ఆమె పక్కన చాప కొసమీద కూర్చున్నాను. పోయినాయన పేరడిగాను. చెప్పింది. కారం ఎక్కువ తినేవాడంది. ఎండ గడపదాకా వచ్చింది. ఈగలు ముసురుతున్నాయి. ఆమె పైటకొంగుతో మొగుడి మొహంమీద ఒకసారి, నా మోకాలిమీద ఒకసారి విసురుతూ కూర్చుంది.